దగ్గుల పద్దు

బట్టలుతికే దుకాణం మీద రెండు గదులు,
అదే మా సమాఖ్య ఆఫీసు.
కింద డ్రైయర్లు తిరిగితే
మా బల్ల మీద కాగితాలు వణుకుతాయి.
బోర్డు మీద పేరు మాత్రం బారెడు,
న్యూ బ్రన్స్‌విక్ ఉత్తర తీరం, పద్దెనిమిది సంఘాలు.
లోపల ముగ్గురం,
కాపీ మిషనుతో కలిపితే నలుగురం.
అది తరచూ సమ్మెలో ఉంటుంది.

ఆర్తెమీజ్ లాంతేన్ మెట్లెక్కి వచ్చింది,
పద్నాలుగు మెట్లకి మూడు మజిలీలు.
ఇరవై రెండు సీజన్లు పీతల ఫ్యాక్టరీలో
మరిగే తొట్టి పక్కన నిలబడి
కాళ్లు విరిచి, గుల్ల పగలగొట్టి
తెల్లటి కండ చెదరకుండా లాగిన చేతులు.
ఆవిరి అందరి ముక్కుల్లోకీ వెళ్లింది,
ఆమె ఊపిరితిత్తుల్లో మాత్రం కాపురం పెట్టింది.

కంపెనీ డాక్టరు జలుబన్నాడు.
తర్వాత వయసన్నాడు.
తర్వాత, ఇంట్లో పిల్లి ఉందా అన్నాడు.
పిల్లి ఉంది.
పరిహారం లేదన్న ఉత్తరంలో పిల్లి ఎక్కింది,
ఫ్యాక్టరీ ఎక్కలేదు.

మా దగ్గర ఒక పద్దు ఉంది.
పిల్లలు లెక్కలు చేసుకునే గళ్ల నోట్‌బుక్.
పడవ మీద రెండు వేళ్లు పోగొట్టుకున్న ఫెర్నాన్ దుగే
మిగిలిన వేళ్లతో, గుండ్రటి అక్షరాలతో,
ఆరు చలికాలాలు వంటిళ్లు తిరిగి రాసుకొచ్చాడు:
ఎవరు, ఏ లైను, ఏ నెలలో మొదలైంది,
రాత్రి ఎన్ని దిండ్ల మీద పడుకుంటారు.
దిండ్ల సంగతి ఏ డాక్టరూ అడగలేదు.
ఒకావిడ మూడు. ఒకావిడ కుర్చీలోనే.
మెక్సికో నుంచి ఆర్నెల్ల పర్మిట్ మీద వచ్చిన ఇత్సెల్
పేరు రాయొద్దంది, పర్మిట్ కంపెనీ గుప్పిట్లో ఉంది.
ఆమె వరసలో ఫెర్నాన్ ఒక చుక్క పెట్టాడు.
ఆ చుక్కకి రెండు దిండ్లు.

ఒకరి దగ్గు దగ్గే.
నలభై మంది దగ్గు దస్తావేజు.

విచారణ హోటల్లో, పెళ్లి విందులు జరిగే హాల్లో.
తివాచీలో ఇంకా ఎవరి పెళ్లివో మెరుపు ముక్కలు.
కంపెనీ లాయరు
ఊపిరి తడబడకుండా ఏడు నిమిషాలు మాట్లాడాడు.
అంత ఊపిరి చూసి
ఆర్తెమీజ్ నోరు తెరుచుకుని ఉండిపోయింది.
"ఎంత దూరం నడవగలరు?" అడిగింది అధ్యక్షురాలు.
"వంటింట్లోంచి బట్టలారేసే తీగ దాకా.
తడి దుప్పటైతే
మధ్యలో ఒకసారి గడ్డి మీద పెట్టి."

నేను లేచాను.
ఉపన్యాసాలు నాకు రావు.
సమాఖ్య అంటే జెండాలనుకుని చేరినవాణ్ణి,
జెండాలు ఏడాదికి రెండుసార్లు,
మిగతా రోజులన్నీ గుండుసూదులు.
పద్దు చదివాను. పేరు, లైను, నెల, దిండ్లు.
పందొమ్మిదో పేరు దగ్గర లాయరు అభ్యంతరమన్నాడు.
"చదవండి" అంది అధ్యక్షురాలు.
చుక్క దగ్గర ఆగిపోయాను.
చుక్కని ఏమని చదవాలి?
"ఒకరు," అన్నాను. "రెండు దిండ్లు."

తీర్పు మే నెలలో వచ్చింది. సగం గెలుపు.
ఆర్తెమీజ్‌కి భృతి, వెనకటి బకాయిలు సున్నా.
తొట్టెల మీద ఆవిరి లాగే ఫ్యాన్లు పెట్టాలని ఆదేశం.
రెండో లైనుకి బిగించారు.
ఒకటో లైనుకి సామాను రావాలట.
ఇత్సెల్ ఒకటో లైను.
అప్పీలు కాగితం మిషన్లో పెడితే
సగం నమిలి ఆగింది.

ఆ సాయంత్రం ఆర్తెమీజ్‌ని ఇంటికి దింపుతుంటే
ఫ్యాక్టరీ వెనక రోడ్డులో కారాపమంది.
అద్దం దించింది. సముద్రం చలి లోపలికొచ్చింది.
"అదేనా?"
అదే. గోడలోంచి సన్నగా, ఆగకుండా,
నిద్రపోయే మనిషి గాలి పీల్చినట్టు.
చాలాసేపు విన్నాం.
"నాకంటే బాగా తీస్తోంది" అంది,
నవ్వబోయి దగ్గింది.
కాగితం దొరక్క నేను
అరచేతి మీద రాసుకున్నాను:
ఒకటో లైను.