మూడో గేరు

పదకొండేళ్లుగా కోషిట్సె ఊళ్లో ట్రామ్ నడుపుతున్నాను.
స్టీరింగ్ ఉండదు దానికి.
నాకంటే ముందే ఎవరో
మలుపులన్నీ ఇనుములో రాసిపెట్టారు.
ఆగడం, కదలడం, గంట కొట్టడం, ఇవే నా పని.

నలభయ్యో ఏట బైకు లైసెన్సుకు వెళ్లాను.
"ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు పరీక్ష పెట్టే కుర్రాడు.
వంగి తిరగాలనుంది, అన్నాను.
ఆ జవాబుకి ఫారంలో గడి లేదు.

అగ్నెషా అమ్మింది నాకీ జావాని.
కోళ్లగూడు పక్కన, చిరిగిన దుప్పటి కింద,
నాకంటే నాలుగేళ్లు పెద్దది.
ట్యాంకు మీద ఎరుపు సగం ఎండకి పోయింది,
మిగతా సగం ఎలా పోయిందో ఆవిడ చెప్పలేదు.
డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో కుక్కుకుని
"దాని అలవాట్లు దానికున్నాయి" అంది.
తలుపేసుకుంది.

ఒకటే మీట దీనికి.
లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు,
ముందుకు వాలిస్తే గేరు.
ఏ కాలితో తన్ని లేపామో
ఆ కాలితోనే దారిలో పెట్టాలి.
మొదటి ఆదివారం ఇరవైరెండు తన్నులు.
ఎదుటి బాల్కనీలో మార్సెల్ పెరుగు తింటూ
లెక్క తప్పకుండా చూశాడు.
ఇరవైమూడోదానికి తుమ్మింది.
కాస్త నీలంపొగ.
ఆపైన ఉలుకూ లేదు పలుకూ లేదు.

గ్యారేజీల వరసలో ఏడో నంబరు వెండెలీన్ తాతది.
మాగ్నసైట్ గనిలో చెవులు పోగొట్టుకున్నాడు.
అయినా ఇంజను వింటాడు:
స్క్రూడ్రైవర్ కొన సిలిండరుకి, పిడి దవడకి ఆనించి
కళ్లు మూసుకుని, ఎముకతో.
"కుడిది పనిచేస్తోంది.
ఎడమది జీతం తీసుకుంటోంది."
ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టాడు.
తారులా నల్లగా, తడితడిగా ఉంది.
పెట్రోల్లో నూనె ఎంత కలిపావంటే సీసా చూపించాను.
"కలపమంటే తలంటావే!"

ముప్పైమూడుకి ఒక పాలు.
పాయింట్ల మధ్య ఎడం
అగ్గిపెట్టె అట్ట దూరీ దూరనంత.
ఇవన్నీ చెబితే వచ్చాయి.
చెబితే రానిది ఒకటుంది:
బోల్టు తెగే ముందు ఒక్క క్షణం మెత్తబడుతుంది.
ఆ మెత్తదనం నా వేళ్లకి తెలిసేసరికి
నాలుగు బోల్టులు పోయాయి.

ఇక ఆరు వోల్టుల దీపం.
దాని వెలుగు నా దారికి కాదు,
ఎదుటివాళ్ల జాలికి.

సెప్టెంబరులో యాహొద్నా కనుమ ఎక్కాను.
బీచ్ చెట్ల నీడలో మొదటి మలుపు.
వంగాను.
నేల నా కుడి మోకాలి దాకా వచ్చి
పలకరించి వెళ్లిపోయింది.
హెల్మెట్ లోపల గట్టిగా నవ్వాను,
అద్దం ఆవిరి పట్టేసింది.
రెండో మలుపులో మూడో గేరు ఊడింది.
ఇంజను ఖాళీగా అరిచింది,
బండి బరువంతా చేతుల మీదికొచ్చింది.
ఎలా నిలబడ్డానో చెప్పలేను.
వారం పాటు నా తప్పే అనుకున్నాను.
కొత్తవాళ్లం కదా,
ఏది ఊడినా ముందు మనల్నే తడుముకుంటాం.

కాదు, లోపల పళ్లరిగాయన్నాడు తాత.
బర్నోలో ఎవరి దగ్గరో ఆ ముక్క ఉందిట.
జీతం రానీ, అన్నాను.

నవంబరు. చలి. సాయంత్రం షిఫ్టు.
క్యాబేజీ సంచీతో ట్రామెక్కింది అగ్నెషా.
నా క్యాబిన్ పక్కనే నిలబడి
మొహం కాదు, నా గోళ్లు చూసింది.
"మూడోది ఊడుతోందా ఇంకా?"
ఎత్తు ఎక్కేటప్పుడు, అన్నాను.
"అక్కడే. ఎప్పుడూ అక్కడే.
పట్టుకోమని అరిచేవాడు, బెల్టు పట్టుకునేదాన్ని.
పోనుపోను
అరవకముందే పట్టుకునేదాన్ని."

ఎందుకు బాగుచేయించలేదని అడగబోయాను.
ఇంతలో సిగ్నల్ మారింది.
గంట మీదికి నా కాలు వెళ్లింది.
ఇంకా నొక్కనేలేదు,
ఆవిడ చెయ్యి అప్పటికే
కడ్డీని బిగించి పట్టుకుంది.