పుట్టినరోజు బిళ్ళ

లెస్టర్‌లో చీకటితో బయల్దేరినప్పుడు వాన లేదు.
బ్లాక్‌పూల్ చేరేసరికి సముద్రం వెనక్కి జరిగి
వానకి చోటిచ్చింది.
గేటు దగ్గర సంచీ వెతికినతను
పులిహోర డబ్బా మూతెత్తి, వాసన చూసి,
ఏమీ అనకుండా మూసేశాడు.
హవిషకి మాత్రం ఒక బిళ్ళ ఇచ్చాడు,
అరచేతంత, పసుపుపచ్చది,
"ఈరోజు నా పుట్టినరోజు" అని రాసున్నది.
దాన్ని రెయిన్‌కోటుకి గుచ్చుకుని
తొమ్మిదేళ్ళ పిల్ల
మంత్రిగారిలా నడిచింది.

పోయినేడు రెండు వేళ్ళు తక్కువైంది.
కొలబద్ద దగ్గర నిలబెట్టి, తల అడ్డంగా ఊపి
వెనక్కి పంపారు. ఆ రెండు వేళ్ళూ
ఏడాది పొడుగునా మా ఇంట్లో తిరిగాయి,
పాలగ్లాసులో, తలుపు మీది పెన్సిలు గీతల్లో,
నిద్రలో కాళ్ళు బారజాపుకోవడంలో.
ఈసారి నడినెత్తిన కొప్పు వేయమంది.
వేశాను. మోసంలో సగం నాదే.
కొలిచే కుర్రాడు నవ్వి
పొంగిన పిండిని అణిచినట్టు
కొప్పుని అరచేత్తో అణిచాడు.
అయినా అందింది.
గీతకి పైన, వెంట్రుకవాసి.

"అమ్మా, పక్కన కూర్చుంటానన్నావ్."
అన్నాను. ఏప్రిల్‌లో, వంటింట్లో,
నేల మీద నిలబడి అన్నాను.
ఇప్పుడా చెక్క పట్టాలు కొండలా లేచి
అంతలోనే మనసు మార్చుకుని పడిపోతుంటే,
అరుపులు ముందొచ్చి మనుషులు తర్వాతొస్తుంటే,
నా మోకాళ్ళు నావి కావు.
ఫణి చంకలో చిన్నవాడు, వాడి చేతిలో
సగం కరిగిన ఐస్‌క్రీం.
ఆయనకి సాకు దొరికింది.

"నేనెక్కుతాలే," అంది శేషు వదిన.

చిప్స్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
నేరుగా కారెక్కిన మనిషి.
చీర మీద స్వెట్టరు, కాళ్ళకి పరుగు బూట్లు.
కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి,
మెళ్ళో గొలుసు జాకెట్టులోకి తోసి,
కళ్ళజోడు నా చేతిలో పెట్టి
"ఎలాగూ ఏమీ కనపడదు, భయమెందుకు?" అంది.

మూడు నిమిషాలు.
సంచులు, గొడుగు, కళ్ళజోడు, చిన్నవాడి తడి సాక్సు,
అన్నీ నా దగ్గరే ఉన్నాయి,
వాళ్ళిద్దరూ తప్ప.

దిగేచోట తెర మీద ఫోటో చూపించారు.
హవిష కళ్ళు గట్టిగా మూసేసుకుంది.
వదిన నోరు బావిలా తెరుచుకుని ఉంది.
భయం కాదది.
పన్నెండేళ్ళుగా చూస్తున్నాను,
ఆ మొహాన్ని నేనెరగను.
పదిహేను పౌన్లన్నారు. కొనలేదు.
ఫోన్‌తో ఆ తెరనే ఫోటో తీస్తే
మధ్యలో నా గొడుగు నీడ పడింది.

తడి బెంచీ మీద పులిహోర తింటూ పిల్ల అడిగింది,
"అత్తా, నీ పుట్టినరోజెప్పుడు?"
"జూలై ఒకటి."
"నిజంగానా?"
"బళ్ళో మాస్టారు రాసింది అదీ.
మా తరగతిలో అందరం జూలై ఒకటినే పుట్టాం."
"మరి నిజమైంది?"
"ఉప్పెనొచ్చిన యేడు. ఎవరు చూశారే తేదీ?
నీళ్ళు తీశాక పుట్టానంది మా అమ్మ."
ఫణి తల వంచుకుని డబ్బా గీరాడు.
ఆయన పుట్టిన రోజే కాదు, నిమిషంతో సహా
ఆస్పత్రి కాగితం మీద ఉంది.
ఇంతలో సముద్రపు పక్షొకటి దిగి
జీడిపప్పు ఎత్తుకుపోయింది.
అందరం దాన్ని తిట్టాం. మాట అక్కడ తెగింది.

తిరుగుదారిలో, మోటార్‌వే పక్కన
టీ కోసం వరసలో నిలబడ్డాం, నేనూ వదినా.
పిల్ల కారులో నిద్రపోతోంది,
కొప్పు ఒక చెవి మీదికి ఒరిగి.
గల్లా దగ్గరి అమ్మాయి వదిన స్వెట్టరు చూసి
"హ్యాపీ బర్త్‌డే, లవ్!" అంది.

అప్పుడు చూశాను.
బిళ్ళ ఎప్పుడు చేయి మారిందో
నాకు తెలీదు.

నాది కాదు, మేనకోడలిది అని
చెబుతుందనుకున్నాను.
వదిన కళ్ళజోడు పైకి తోసుకుంది.
"థాంక్యూ," అంది.
చిల్లర ఓసారి లెక్కపెట్టుకుని,
అద్దం వెనకాల ఉన్న
చాక్లెట్ కేకు ముక్క కూడా ఒకటి ఇమ్మంది.