రొట్టె ఎలా ఉంది?

పెట్టె మనది కాదు, వకుళా.
కింది వాటాలో ఉండే హెర్మీనెది.
ముదురాకుపచ్చ రంగు, ఇత్తడి తాళం,
లోపల ఏనాటిదో కలరా ఉండల వాసన.
గ్రాట్స్‌లో మన మొదటి చలికాలం గడిచాక
ప్లాస్టిక్ సంచుల్లో బట్టలు కుక్కుతుంటే చూసి
మెట్లమీదే చేతికిచ్చింది,
"కాస్త నడిపించండి, కాళ్ళు పట్టేశాయి దీనికి" అని.

ఒక చక్రం కుంటిది.
ప్రాగ్‌లో రాళ్ళు పరిచిన సందుల్లో
టకటక టక్, టకటక టక్,
నాలుగడుగులకొక ఎక్కిలి.
చీకటితోనే ఒకాయన కిటికీ తెరిచి చెక్‌లో ఏదో అరిచాడు.
"శుభోదయం చెబుతున్నాడు" అన్నావు.
అంత పొడుగు శుభోదయం
నేనింకెక్కడా వినలేదు.

మనం వస్తున్నామని ఎవరు చేరవేసేవారో,
వెళ్ళిన చర్చికల్లా పరంజా.
వలలో పడ్డ చేపల్లా గోపురాలు.
సోమవారాలు మ్యూజియాలకు సెలవు,
మన రైళ్ళన్నీ సోమవారం పొద్దున్నే దిగేవి.

ట్రియెస్తెలో పడవ టికెట్ దగ్గర మాటామాటా పెరిగింది.
ప్రతి ధరనీ తొంభైతో హెచ్చవేసే నా రోగం.
"సముద్రాన్ని కూడా హెచ్చవేస్తావా?" అని
నువ్వు రేవు చివరిదాకా విసవిసా వెళ్ళిపోయావు.
అక్కడ గాలి ఎలాంటిదంటే
నిలబడాలంటే ఒకర్నొకరు పట్టుకోక తప్పలేదు.
రాజీ పడ్డామనుకున్నారు చూసినవాళ్ళు.
నీ మొహం మాత్రం ఇంకా అటువైపే ఉంది.

తిరిగొచ్చి ఫోన్‌లో ఫోటోలు చూపించబోతే
హెర్మీనె కళ్ళజోడు కూడా తీసుకునేది కాదు.
ఒక్కటే అడిగేది:
"అక్కడ రొట్టె ఎలా ఉంది?"
మొదట్లో నీళ్ళు నమిలాం.
ఏ రొట్టె? తిన్నామా అసలు?
పరీక్షకు చదవకుండా వెళ్ళిన పిల్లల్లా
తర్వాతి ఊరి నుంచి రొట్టెమీద కన్నేశాం.

ఫ్లారెన్స్‌లో రొట్టెకి ఉప్పేయరని చెప్పినప్పుడు
ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను.
"అలోయిస్ అయితే అలిగి వెనక్కొచ్చే రైలెక్కేవాడు" అంది.
అలా తెలిసింది మనకి,
వీధి మలుపులో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు
నలభై ఒక్క ఏళ్ళు ఆయన బేకరీ అని,
రాత్రి రెండింటికి లేచేవాడని,
లిస్బన్ వెళ్దామని ఈ పెట్టె కొన్నాడని.
"పొయ్యికి సెలవేది?"
అంతే అని, కిటికీలో మొక్కకి నీళ్ళు పోయడానికి లేచింది.

ఆ ఏడాది చివర్లో లిస్బన్ వెళ్ళాం.
ఎత్తైన ఆ వీధుల్లో పెట్టెని
ఒక చోట లాగి, ఒక చోట మోసి,
ఒక చోట దానిమీదే కూర్చుని కమలాపండు ఒలుచుకుని.
ఆఖరి పొద్దున బేకరీ ముందు వరసలో నిలబడి
మొక్కజొన్న రొట్టె కొన్నాం.
ఎంతకో నాకు గుర్తు లేదు.
నీ నీలం శాలువాలో చుట్టావు,
విమానంలో ఒళ్ళోనే పెట్టుకున్నావు.

గ్రాట్స్ చేరి మనం జ్వరాల్లోంచి లేచేసరికి అది రాయి.
హెర్మీనె రంపం లాంటి కత్తితో కోసింది.
కాఫీలో ముంచింది.
చాలాసేపు నమిలింది.
"అడుగు మాడింది. పిండి పులవలేదు.
తొందరపడ్డాడు ఎవడో."
అంటూనే మొత్తం తినేసింది,
తడివేలితో బల్లమీది రవ్వలు కూడా అద్దుకుని.

అప్పుడడిగింది, ఇన్నాళ్ళలో మొదటిసారి
రొట్టె కానిదాని గురించి:
"సముద్రం?"

మనం మొహమొహాలు చూసుకున్నాం.
కొండకొమ్ము చివరిదాకా వెళ్ళిన మాట నిజమే,
కానీ ఆ రోజంతా పొగమంచు,
చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు.
అబద్ధం ఒకటి నా నాలుక దాకా వచ్చింది,
నీలంగా, అలలు కూడా తగిలించుకుని.

"వినబడింది" అన్నావు నువ్వు.

హెర్మీనె తలూపి
మిగిలిన కాఫీ తాగింది.