దుకాణం మూసి ఉంది

తలుపుకి అట్టముక్క వేలాడదీశాను:
న్యున్ యీ దర్జీ దుకాణం, తొమ్మిది రోజులు సెలవు.
కారణం రాయలేదు.
రాస్తే నా ఆడపడుచు సాన్ ఫ్యూ నవ్వుతుంది,
ఆ కూర్చునేదేదో మఠంలో కూర్చోలేవా అంటుంది.
మఠంలో మోకాళ్ళ కోసం పీట అడగాలంటే నాకు సిగ్గు.
ఇక్కడైతే మిషను ముందరి ముక్కాలిపీట ఉంది,
ముప్ఫై ఏళ్ళుగా నా బరువు దానికి తెలుసు.

తెల్లవారుజామున మూడున్నర.
మౌలమైన్ వాన, రేకుల మీద
బొత్తాల డబ్బా ఒలకబోసినట్టు.
మనసుని పొట్ట మీదికి తెచ్చుకోవాలి.
ఉబ్బుతోంది. తగ్గుతోంది.
ఉబ్బుతోంది. తగ్గుతోంది.
ఈ చెమ్మకి నీలం పట్టు తాను బూజు పడుతుందేమో.
ఆలోచన, ఆలోచన.
పేరు పెట్టి పిలిస్తే
మొహమాటపడి వెళ్ళిపోతుందని చెప్పారు భిక్షువు.
పట్టు తాను వెళ్ళలేదు.
లేచి వెళ్ళి పై అరలో పెట్టి వచ్చాను.
ఎత్తుతున్నాను, పెడుతున్నాను, అని
ఆ తప్పుకి కూడా పేర్లు పెట్టుకుంటూ.

రెండో రోజు నా కుడికాలు పట్టుబడింది.
కళ్ళు మూసుకుంటే చాలు
తనంతట తానే తొక్కుతోంది,
మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు,
లేని మిషను మీద లేని చొక్కా.
ఎవరు తొక్కిస్తున్నారు?
ఇంట్లో నేనొక్కదాన్నే.
ఆ నేను కూడా అప్పుడే చూస్తున్నాను.

గోడ వెనక తౌతే బల్లి అరిచింది.
ఏడుసార్లు అరిస్తే శుభమనేది మా అమ్మ.
నా వేళ్ళు వాటంతటవే మడుచుకుంటున్నాయి.
ఐదు దగ్గర ఆపేసింది దొంగది.
ఆశ, ఆశ.
కోపం, కోపం.
అరవై రెండేళ్ళ మనిషిని, బల్లి మీద కోపం!

మధ్యాహ్నం దాటితే అన్నం లేదు.
పక్కింట్లో వెల్లుల్లి వేగుతుంది.
దాని గురించి ఇంతకన్నా చెప్పను.

నాలుగో రోజు నిద్రపోయాను.

ఐదో రోజు మోకాలు.
నొప్పంటే ఒక దళసరి గుడ్డ అనుకునేదాన్ని.
దగ్గరికి వెళ్ళి చూస్తే పోగులు.
మంట ఒక పోగు, లాగుడు ఒక పోగు,
ఎప్పుడు లేద్దామా అనేది ఇంకో పోగు,
నడుమ నడుమ ఖాళీలు.
పలచటి వాయిలు దీపానికెత్తి పట్టుకుంటే
అవతలి చెయ్యి కనిపిస్తుందే, అలా.
రెండు గుక్కల ఊపిరి సేపు.
తర్వాత మామూలు మోకాలే,
నాదే, సలుపుతోంది.

ఆరో రోజు తలుపు చప్పుడు.
వింటున్నాను, వింటున్నాను.
పడవ నడిపే థెయిన్ లే గొంతు.
అట్ట చదివాను, అయినా వచ్చానన్నాడు.
నాన్న పోయాడన్నాడు.
రేపే తీసుకెళ్ళాలి, కోటు ఆయనకి వదులైపోయిందన్నాడు.
వింటున్నాను అనడం
ఎక్కడ ఆగిపోయిందో తెలీదు.
గడియ తీశాను.

తెల్ల తైపోన్ కోటు. నేను కుట్టిందే.
ఛాతీ నలభై అని నా పాత పుస్తకంలో ఉంది.
కొలతకి అతను తెచ్చిన తాడు మీద
ముడి ముప్ఫై రెండు దగ్గర పడింది.
మౌనంలో ఉన్నాను కదా, ఓదార్పు మాట అనలేదు.
అతనికీ అక్కర్లేనట్టుంది.
పీట చివర కూర్చుని
తడిసిన లోంజీ అంచు పిండుకుంటూ ఉన్నాడు.

రెండు పక్కలా కుట్లు విప్పాను.
సూది దిగుతోంది. లేస్తోంది.
దిగుతోంది. లేస్తోంది.
ఇన్ని రోజుల్లో పొట్ట దగ్గర
ఇంత సేపు నిలవలేదు మనసు.

నోట్లు తీశాడు. వద్దని తలూపాను.
ఊపానో లేదో గర్వం వచ్చింది,
నాకన్నా ముందే పీటెక్కి కూర్చుంది.
గర్వం, అన్నాను.
ఇది కూడా పట్టు తాను లాంటిదే, కదల్లేదు.

కోటు మాత్రమే పట్టుకెళ్ళాడు, తాడు మర్చిపోయి.
మిషను మీద ఉంది, ముడితో సహా.
విప్పుదామని చెయ్యి చాచి
చాస్తున్నాను, అని
వెనక్కి తీసుకున్నాను.

ఇంకా మూడు రోజులు.
రేకుల మీద మళ్ళీ ఒలికింది బొత్తాల డబ్బా.