నలభైలో కనపడేవి

ఇసకపల్లి గుంటల కాడ
తెల్లారుజామున మూడింటికి రొయ్య గట్టెక్కుతది.
మీసాలింకా కదలతానే ఉంటాయి,
మా మీరావలి ఐసు గుద్ది గుద్ది మీద పోస్తాడు.
అప్పట్నుంచి నా స్పీడు చూపించేది మీటరు కాదు,
వెనక డబ్బాల్లోంచి రోడ్డు మీద కారే నీళ్లు.

"ఆరున్నరకల్లా ముత్తుకూరు రోడ్డులో దించాల"
అంటాడు బయ్యరు ఫోన్లో.
"నలభై దాటొద్దు" అంటది బోర్డు.
బోర్డుకి ఫోను లేదు.
బయ్యరుకి రోడ్డు లేదు.

మొన్న లోడు దించి తిరిగొస్తా
రాజుపాలెం అడ్డరోడ్డు టీ బంకు కాడ ఆగితే
దీని మీదే వాదన.
మిల్లు సుందరరామిరెడ్డి కారాపుకోని
"నూరులో పోయేట్టు రోడ్డేసి, టోలు కట్టించుకోని,
ఇక్కడికొచ్చాక నలభై అంటే ఎట్టయ్యా?
గుర్రాన్నమ్మి కాళ్లు కట్టేసినట్టు గాదా" అన్నాడు.
కానిస్టేబులు ఖాదర్‌వలీ టీ ఊదుకుంటా
"నాకు మిషనిచ్చారు సార్,
అది అంకె చెప్తది. ఎందుకో చెప్పదు" అన్నాడు.
ఎవరో, తప్పంతా లారీవోళ్లదే అన్నారు.
పక్కనే నేనుండాను. ఉంటే ఏం?
అడ్డదిడ్డంగా దూరేది బైకులోళ్లు గదా, అన్నా.
బైకు కుర్రోడు గేదెల్నన్నాడు.
గేదెలు ఏమీ అనలా,
అప్పుడే రోడ్డు దాటతా ఉండాయి.

చెంగమ్మ మాత్రం ముంజలు కోస్తానే ఉంది.
డివైడరు పగలగొట్టిన సందులో
ఎండాకాలమంతా ఆమె గోనెపట్టా అక్కడే.
కత్తి ఆపకుండా నా దిక్కు చూసింది.
"అబ్బయా, నువ్వు నలభైలో వస్తే
నీ మొహం తెలస్తది నాకు. తిన్నావో లేదో కూడా.
అరవైలో వస్తే లారీ రంగు.
ఎనభైలో అయితే గాలి,
ఆనక నా ముంజల మీద దుమ్ము.
మరి నీకు నేనెట్టా కనపడతా?"

రెడ్డిగారు తాళం వేలికి తిప్పుకున్నాడు.
నేను డజను ముంజలు కొన్నా. అవసరం లేకపోయినా.

ఎట్టా కనపడద్దో నాకు తెలుసు.
రెండేళ్ల కింద, అల్లూరు దాటినాక, ముసురు.
డెబ్బై అయిదులో ఉండా.
ఎడం పక్కన తెల్లగా ఏదో లేచింది, బంపరుకి తగిలింది,
అంతే.
కాలు బ్రేకు మీదికి పోయేలోపు
బండి కాలవ మలుపు కాడుండాది.
మీరావలి నిద్రలో ఉన్నాడు. లేపలా.
టార్చి పట్టుకోని వెనక్కి నడిచా,
నడస్తా ఉంటే రోడ్డు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

చొక్కా.
ఎవరి దండెం మీంచో ఎగిరొచ్చి
తుమ్మకంపకి చిక్కుకోనుండాది.
గుండీలన్నీ పెట్టే ఉండాయి.
లోపల చెయ్యి పెట్టి చూశా,
వానా నీళ్లే.

మనిషో చొక్కానో తేల్చుకోడానికి
నాకు అర కిలోమీటరు పట్టింది.
ఆ పొద్దు లోడు పావుగంట లేటు.
బయ్యరు కిలోకి ఎనిమిది రూపాయలు కోశాడు.
ఎందుకు లేటని అడిగితే టైరన్నా.

ఇవాళ గుంట ఆలస్యంగా పట్టారు.
ఎండెక్కింది, ఐసు గబగబా కరిగిపోతా ఉండాది,
ఫోను మూడోసారి మోగతా ఉండాది.
రాజుపాలెం వచ్చింది.
ముల్లు నలభై రెండు మీద. అబద్ధమెందుకు, నలభై రెండే.
టీ బంకు. రేకు మీద ఎండేసిన మిరపకాయలు.
అంకెలో సున్నా పెచ్చులూడిన బోర్డు.
ఇన్నేళ్లూ చూడనే లేదు దాన్ని.
డివైడరు సందు.
గోనెపట్టా ఉండాది, కోసిన డొప్పలుండాయి, ఈగలుండాయి.
చెంగమ్మ లేదు.

లేదని కనపడింది.

"ఏందన్నా, స్లో చేశావు?" అన్నాడు మీరావలి.
నీళ్లు తాగను పోయుంటది, అనుకున్నా.
పైకి మాత్రం
"ఐసు చూడరా, ఐసు" అన్నా.