నాలుగో ప్రూఫు

ఆ ప్రశ్నను అందరికంటే ముందు చదివింది నేనే.
అల్లిపురంలో మా ప్రెస్సు, మేడ మీద గది.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి,
ఆపితే చెమట కీబోర్డు మీద పడుతుంది.
వార్డు ఆఫీసు కుర్రాడు చేతిరాత తెచ్చాడు:
“గెడ్డ మీద సిమెంటు పలకలు వేసి రోడ్డు చేయమంటారా?”
కింద రెండు సున్నాలు. అవును. కాదు.
ఇంతేనా అనుకుని, టీ తాగి, కంపోజు చేశాను.

సాయంత్రానికి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.
“పలకలు” కొట్టేసి “ఆధునీకరణ” అన్నారు.
మర్నాడు “రోడ్డు” పోయి “ప్రజా సౌకర్యార్థం” వచ్చింది.
మూడో ప్రూఫులో గెడ్డే లేదు,
“వర్షపునీటి కాలువ” అయి కూర్చుంది,
ఊళ్లో అప్పులు చేసి పారిపోయినవాడు
వేరే పేరుతో కనబడినట్టు.
నాలుగోసారికి ఇలా తేలింది:
“ప్రజా సౌకర్యార్థం వర్షపునీటి కాలువ ఆధునీకరణకు
మీకు అభ్యంతరం లేదు కదా?”

అవునంటే ఉన్నట్టా, లేనట్టా?
ఫోన్ చేసి అడిగాను.
“మీరు అక్షరదోషాలు చూడండి చాలు” అన్నారు.
అక్షరదోషాలు లేవు.
అడుగున ఏడు పాయింట్ల అక్షరాల్లో ఒక వాక్యం ఇరికించాం:
అవును అంటే పని మొదలవుతుంది.
రెండో ప్రశ్న వీధి దీపాల గురించి.
దాన్ని ఎర్ర సిరా ముట్టుకోలేదు.

“కళ్లు మూసుకుని అవును గుద్దు” అంది వరహాలు.
పిల్లాడికి డెంగీ వచ్చిన ఏడాది
ప్లేట్‌లెట్ల లెక్క కోసం కేజీహెచ్ మెట్ల మీద
మూడు రాత్రులు కూచున్నది తను.
గెడ్డ మీద తనకి జాలి లేదు,
ఉండాలని నేననలేను.

శనివారం ప్రెస్సుకి సెలవు పెట్టి
గెడ్డ వెంబడే నడిచాను.
ఇరవయ్యేళ్లుగా దాటుతూనే ఉన్నాను గానీ
ఇలా పక్కనే నడవడం మొదటిసారి.
కంచరపాలెం దాటాక, వంతెన దగ్గర
సూరీడమ్మ ఇస్త్రీ బండి.
బొగ్గుల మీద నీళ్లు చిలకరిస్తూ అడిగింది:
“రోడ్డేత్తే నా బండెక్కడెట్టుకోమంటారో
ఆ కాయితంలో రాసుందేటి బాబూ?”
లేదని నాకు తెలుసు. వేసింది నేనే కదా.

కింద, జ్ఞానాపురం వైపు, కొంత మేర
ఎప్పుడో పలకలు వేసేసిన గెడ్డ ఉంది.
దాని మీద ఆటోలు, కొబ్బరిబొండాలు, ఒక క్యారమ్ బల్ల.
అడుగున నీళ్లున్నాయని వాసన చెప్పాలి.
దాలయ్య అనే ముసలాయన, పోర్టు కలాసీగా చేసినవాడు,
నన్ను ఇంట్లోకి పిలిచి గోడ చూపించాడు.
క్యాలెండరు మేకుకి జానెడు కింద
బురద గీత, అలాగే ఉంచాడు, సున్నం వెయ్యలేదు.
“మూతెట్టారు. సెత్త తియ్యడానికి మరెవుడూ దిగనేదు.
వానొచ్చింది. నీరు దారెతుక్కుంది.
మా తలుపు దొరికింది దానికి.”
ఆయన కోపంగా లేడు. దోమలు తగ్గాయని కూడా చెప్పాడు.
అది చెప్పకపోయుంటే నాకు సుఖంగా ఉండేది.

రాత్రి వరహాలుకి గోడ సంగతి చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
“మనది మేడ” అంది చివరికి,
అని, తనే దుప్పటి ముఖం మీదకి లాక్కుంది.

ఆదివారం. మున్సిపల్ స్కూలు, ఐదో తరగతి గది.
నల్లబల్ల మీద సగం చెరిపిన ఎక్కాలు.
నా కాగితం నా చేతికే ఇచ్చారు.
వీధి దీపాలకి అవును, టక్కున.
తర్వాత నాలుగో ప్రూఫు.
మొదటి చేతిరాతని మనసులో దాని మీద పరిచి
దానికి జవాబిచ్చాను:
కాదు.

తప్పే కావచ్చు. వచ్చే కార్తీకంలో
మళ్లీ ఎవరి పిల్లాడో ఆ మెట్ల దగ్గరుంటే
ఈ ముద్ర నాకు గుర్తొస్తుంది.

మడవబోయి ఆగాను.
ఈ ఊరి గాలికి సిరా తొందరగా ఆరదు,
మాకు తెలిసిన విద్య అదొక్కటే.
తడిగా మడిస్తే కాదు వెళ్లి
అవును మీద అచ్చవుతుంది.
అట్ట తెర వెనక నిలబడి ఊదుతున్నాను.
“లోపలేం చేస్తున్నాడండీ అంతసేపు?”
వరసలోంచి ఎవరో.
ఇంకొంచెం ఊదాను.