టాన్ బ్రౌన్

కొత్తపల్లి దాటినంక, గ్రానైటు యార్డుల
దిమ్మెల మీద పేర్లు రాసే పని నాది.
పసుపు పెయింటు, ఎంటికలూడిన కుంచె.

పొద్దుగాల్నుంచి లొల్లి:
అమెరికల ఓట్లకు నిలవడ్డాయన
నల్లాయననా, మన తీరు మనిషా?
"తండ్రెట్లుంటే అట్లనే" అంటడు ఓదెలు.
"ఓట్లప్పుడే తల్లి యాదికొచ్చిందా?" రాజకొంరయ్య.
గాడిద గుర్తుకు ఒకడు, ఏనుగు గుర్తుకు ఒకడు.
తమకు ఓటే లేని ఎలచ్చన్ల
సద్ది గిన్నెలు మూత తియ్యకుండనే ఉన్నయి.

క్రేను మీంచి షబ్బీరు,
ఇంజను బంద్ జెయ్యకుండనే,
"ఆయన్నెవలన్న అడిగిన్రా?" అన్నడు.
ఎవలికీ ఇనవడలె.

మొన్న సర్వే సారు మా ఇంటికొచ్చి
కులం గడి కాడ పెన్ను ఆపిండు.
అమ్మదొకటి, నాయినదొకటి.
"ఒక్కటే చెప్పు చెల్లె, రెండు పట్టయి."
చెప్పిన.
ఏది చెప్పిన్నో అమ్మకింకా చెప్పలె.

కుంచె ముంచిన.
ఈ రాయి మా గుట్టది.
వానకు నలుపు, ఎండకు ఎరుపు,
కోసినకాడ చేపపొలుసు లెక్క మెరుస్తది.
ఓడెక్కాలంటే మాత్రం ఒక్కటే పేరు గావాలె.
టాన్ బ్రౌన్, రాసిన.

పెయింటు ఆరకముందే
మాట మీద మాట పెంచుకుంట
ఓదెలు చెయ్యి ఆనిచ్చిండు.
అరచేయంత పసుపు.
సూసుకోలె. లొల్లి నడుస్తనే ఉంది.